ముసలయ్య ఒప్పుకోలేదు

కోర్టుకెక్కిన తగాదాలకి రాజీ కుదర్చడం రామతులసి పని. నల్లకోటు పక్కనపెట్టి మధ్యవర్తిగా కూర్చోవడం మొదలుపెట్టాక మొగుడూ పెళ్ళాల గొడవలూ, సరిహద్దు గట్ల పేచీలూ ఆవిడ చేతిలో చాలానే చల్లబడ్డాయి. నూకరత్నం కేసు మాత్రం దొరికినట్టే దొరికి జారిపోతోంది.

కేసు పెద్దదేం కాదు. వశిష్ఠ గోదావరి ఒడ్డున, చేపల వేట మీద బతికే చిన్న పేటలో మూడు గదుల పెంకుటిల్లు. కట్టింది ముసలయ్య. ఆయన పోయాక కొడుకులిద్దరూ, త్రిమూర్తులూ చినబాబూ, చెరో పక్క గదిలో ఉంటున్నారు. తండ్రి పడుకునే మధ్య గది ఖాళీ. కూతురు నూకరత్నం ఆ గది అడుగుతోంది. తనకి నచ్చినవాణ్ణి చేసుకుందని ముసలయ్య ఆమెని గడప తొక్కనివ్వలేదు. ఆ మొగుడు సముద్రం మీదికి వెళ్ళి తిరిగిరాలేదు. అప్పుడూ తొక్కనివ్వలేదు. ఏటిగట్టు మీద రేకుల పాకలో చేపలు ఎండబెట్టుకుంటూ బతుకుతోంది. వరదొస్తే ఆ పాక ఉండదు.

రాజీకి కూర్చున్న ప్రతిసారీ అన్నదమ్ములు సరేనంటారు. ఇంటికెళ్ళి మర్నాడు ఫోన్ చేసి కాదంటారు.

ఎందుకని, త్రిమూర్తుల్ని పక్కకి పిలిచి అడిగింది రామతులసి.

అతను గొంతు తగ్గించాడు. "మాకిష్టమేనండి. నాన్న ఒప్పుకోట్లేదండి."

"ముసలయ్య గారు పోయారు కదండీ."

"అవునండి," అన్నాడు నేల చూస్తూ.

ఆవిడ నవ్వలేదు. "అయితే ఈసారి మీ ఇంట్లోనే కూర్చుందాం," అంది.

ఆషాఢం మధ్యాహ్నం. గోదావరి ఎర్రబడి గట్టు అంచుదాకా వచ్చింది. ఆడవాళ్ళనీ పిల్లల్నీ ఆ పూటకి చుట్టాలింటికి పంపేశారు. వసారాలో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. నూకరత్నం మాత్రం వసారా గడప బయటే, చూరు నీళ్ళు భుజం మీద పడుతున్నా అలాగే నిలబడింది. తడి వలల వాసన, పాచి వాసన. మబ్బు దిగి సాయంత్రం అయిపోయినట్టుంది. కరెంటు పోయింది.

రామతులసి ఎప్పటిలాగే మొదలుపెట్టింది. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డం రాకూడదు. ఎవరూ ఎవర్నీ బెదిరించకూడదు. ఎవరి మాట వాళ్ళే చెప్పుకోవాలి.

"మధ్య గది చెల్లికి ఇవ్వడం మీకు సమ్మతమేనా, త్రిమూర్తులు గారూ?"

అతను నోరు తెరిచాడు. మూసి ఉన్న మధ్య గదిలో చేతికర్ర నేల మీద తాటించిన చప్పుడు.

టక్.

త్రిమూర్తులు నోరు మూసుకున్నాడు. తలుపు సందులోంచి చుట్ట వాసన వచ్చింది. పాతది కాదు... అప్పుడే ముట్టించిన చుట్ట.

"చినబాబు గారూ, మీరు చెప్పండి."

చినబాబు తలెత్తాడు. పెదాలు కదిలాయి. వచ్చిన గొంతు అతనిది కాదు. ముసలి గొంతు, కళ్ళె అడ్డుపడుతున్న గొంతు.

"బయటికెళ్ళింది... బయటే ఉండాలి."

నూకరత్నం చూరు గుంజ పట్టుకుంది. రామతులసి వీపు మీద చెమట చల్లగా జారింది. లేచి గట్టు మీదున్న ఆటో దగ్గరికి పరిగెత్తాలనిపించింది. కాని చినబాబు కళ్ళు చూసింది. ఆ నోరు మాట్లాడుతోంది. ఆ కళ్ళు ఏడుస్తున్నాయి.

వంగి మెల్లగా అడిగింది. "చినబాబు గారూ, ఇది మీ మాటేనా?"

నోరు తెరుచుకునే ఉంది. తల మాత్రం అడ్డంగా ఊగింది. కాదు.

ఆవిడకి భయంలోంచే కోపం తన్నుకొచ్చింది. మధ్య గది వైపు తిరిగింది.

"ముసలయ్య గారూ, మీరు ఈ కేసులో పార్టీ కారు."

టక్. టక్. కర్ర తలుపు దగ్గరికొచ్చింది. తలుపు దానంతటదే కిర్రుమంటూ కొంచెం తెరుచుకుంది. లోపల చీకటి.

రామతులసి కుర్చీ ఈడ్చుకెళ్ళి ఆ తలుపుకి అడ్డంగా వేసింది. చీకటికి వీపు పెట్టి, అన్నదమ్ములకి ఎదురుగా కూర్చుంది. చీర కుచ్చిళ్ళు గుప్పిట్లో బిగించింది.

"చెప్పండి త్రిమూర్తులు గారూ. మధ్య గది ఎవరిది?"

మెడ మీద ఊపిరి తగిలింది. తడి ఊపిరి... చుట్ట కంపు.

"చె... చెల్లిదండి."

"వినపడలేదు."

భుజం మీద ఏదో వాలింది. బరువుగా. గోళ్ళు గుచ్చుకున్నాయి. ఆవిడ కదల్లేదు.

"మా చెల్లిదండి," గట్టిగా అన్నాడు త్రిమూర్తులు.

చినబాబు రెండు చేతులతో దవడ పట్టుకుని, ఎవరి నోరో మూస్తున్నట్టు మూసి, మళ్ళీ తెరిచాడు. ఈసారి సొంత గొంతే. "మా అక్కదే."

నూకరత్నం గడప దాటింది. తడి కాళ్ళతో వసారా నడిచి, రామతులసి కుర్చీ పక్కనించి తలుపు తోసుకుని చీకట్లోకి వెళ్ళింది. లోపల ఏదో దొర్లింది. గుడ్డ చిరిగినట్టు చప్పుడు...

"జరుగు నాన్నా," అన్న నూకరత్నం గొంతు వినపడింది.

కిటికీ రెక్కలు దభాలున తెరుచుకున్నాయి. వాన వెలుతురు లోపలికొచ్చింది. గదిలో ఆమె తప్ప ఎవరూ లేరు. జాకెట్టు చేతి కొన చిరిగి ఉంది. దాన్ని ఓసారి చూసుకుని, కొంగు బిగించి, చీపురెక్కడుందని తమ్ముణ్ణి అడిగింది.

ఆ పూటే ముగ్గురూ సంతకాలు పెట్టారు. ఈసారి మర్నాడు ఎవరూ కాదనలేదు. రామతులసి భుజం మీద కమిలిన మచ్చలు మెల్లగా మానాయి.

కొన్నాళ్ళకి పొద్దున్నే నూకరత్నం ఫోన్ చేసింది. పాక వరదకి పోయిందనీ, తను మాత్రం గదిలో పొడిగా ఉన్నాననీ చెప్పింది.

"ఇంకేంటి సంగతులు?" అడిగింది రామతులసి.

"రోజూ తెల్లారేసరికి నా గదికి బయట గొళ్ళెం పెట్టేసి ఉంటోందండి. అన్నయ్యా తమ్ముడూ కాదు, ఒట్టేశారు. ఖాళీ చేస్తానని చెప్పడానికి కాదండి ఈ ఫోను. నేనెక్కడికీ వెళ్ళను. నిన్న నేనే ఆ గొళ్ళెం ఊడపీకి ఏట్లో పారేశాను."

"మంచి పని చేశారు."

ఫోన్లో, నూకరత్నం లోపల్నించి తలుపు గుంజుతున్న చప్పుడు వినపడింది.

"తలుపుకి బయట ఇప్పుడేం లేదండి. అయినా ఈ పొద్దున్న తెరుచుకోలేదు."