నిలువుటద్దం మీద జిగురు

"సమ్మమ్మా, ఈ దుకాణం ఆయనకు జెప్పు. ఈయన ఇచ్చిన ప్లాస్టర్ మా ఇంట్ల అద్దాలన్నీ ఖరాబ్ జేసిందని."

దుకాణం ఆయన, అంటే సాంబయ్య, ఎదురుగానే ఉన్నాడు. చెవులు కూడా బాగానే పనిచేస్తున్నాయి. అయినా కళావతి చూపులు మందు సీసాల మీద నుంచి కదలలేదు. వరంగల్‌లో పేరున్న బట్టల వ్యాపారి వీరభద్రం కూతురు పరాయి మగవాడితో నేరుగా మాట్లాడటం ఆ ఇంటి పద్ధతి కాదు. మాటలు మోయడానికని పనిమనిషి సమ్మమ్మను వెంట తెచ్చుకుంది.

"సమ్మమ్మా," అన్నాడు సాంబయ్య గంభీరంగా, "ప్లాస్టర్ దెబ్బలకు అంటించేది. వాళ్ల అద్దాలకు దెబ్బలెట్ల తాకినయో అడుగు."

"బాంబులు పడ్తయి, అద్దాలకు అంటించుండ్రి అన్నది ఈయననే. యాదికున్నదా లేదా అడుగు."

సమ్మమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసి విసుక్కుంది. "మీరు మీరు మాట్లాడుకుంటనే ఉన్నరు. నడుమ నేనెందుకు?"

సాంబయ్యకు గుర్తుంది. యుద్ధం రోజుల్లో విశాఖపట్నం మీద జపాను బాంబు పడిందన్న వార్త రాగానే ఇక్కడ కూడా కిటికీ అద్దాలకు అడ్డంగా, నిలువుగా పట్టీలు అంటించారు, పగిలినా ముక్కలు ఎగరకూడదని. గమ్ము కాగితం ఎక్కడా దొరక్క వీరభద్రం హనుమకొండలో సాంబయ్య మందుల దుకాణానికి వస్తే, ప్లాస్టర్ చుట్టలు చేతిలో పెట్టి "అన్ని అద్దాలకూ ఇదే అంటించు మామా" అన్నాడు. వీరభద్రం చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. కిటికీలతో ఆగకుండా గాజు బీరువాకు, దేవుడి పటాలకు, ఆఖరికి తన తల్లి మొగిలమ్మ కాపురానికి తెచ్చుకున్న నిలువుటద్దానికి కూడా అంటించాడు. ఇప్పుడు యుద్ధం అయిపోయింది. పట్టీలు పీకితే గుడ్డ ఊడి వచ్చింది గానీ జిగురు మాత్రం కదలలేదు.

"నేనే వచ్చి తీస్తనని జెప్పు," అన్నాడు సాంబయ్య.

కళావతి మొదటిసారి సీసాల మీద నుంచి చూపు తిప్పింది. ఆ చూపుకు సాంబయ్య చేతిలోని పొట్లం కట్టే దారం చిక్కు పడింది.

మర్నాడు వెళ్ళేసరికి ముసురు పట్టి ఉంది. నిలువుటద్దంలో నల్లబడిన జిగురు చారలు అడ్డదిడ్డంగా ఉన్నాయి. వెనకాల నిలబడ్డ కళావతి ముఖం వాటి మధ్య ముక్కలుగా కనిపించింది. ఉన్న కాస్తా చాలా బాగుందనిపించింది సాంబయ్యకు. ఆ ఆలోచనలోనే జేబులోంచి చాకు తీశాడు.

"గీతలు పడ్తయి," సమ్మమ్మ సంగతే మరిచి నేరుగా అరిచింది కళావతి.

కిరసనాయిలు పూశాడు. వాసనకు ఇంటిల్లిపాదీ దగ్గారు. చివరికి కొబ్బరినూనెలో గుడ్డ ముంచి జిగురు మీద ఆనించి, నూనె అంచుల వెంట దిగి వెనక పూత చెడిపోకుండా కింద ఇంకో పొడిగుడ్డ పెట్టాడు. నాని మెత్తబడ్డాక బొటనవేలితో రుద్దితే జిగురు ఉండలు కట్టి వచ్చింది. కుంకుడు రసంతో తుడిస్తే అద్దం తేటపడింది.

అయితే నూనె నానాలి. నానేదాకా ఊరికే కూర్చోవాలి. సాంబయ్యకు ఆ పని భలే నచ్చింది.

"జర ఎక్కువనే నానాలె," అన్నాడు.

"అద్దమా, నువ్వా?" అంది కళావతి.

మూల పీట మీద మొగిలమ్మ వక్కలు కత్తిరిస్తూ కూర్చుంది. తనకు చూపు ఆనదని ఆమె అందరికీ చెబుతుంటుంది. "జల్ది గానియ్ బిడ్డా. మా ఇంట్ల ఆడపిల్లను ఈ అద్దం ముందట కూసోబెట్టి నేను బొట్టు పెట్టినంకనే పెండ్లిచూపులు. పరకాల పిలగానోళ్లు కబురు కోసం కాసుకోని ఉన్నరు. అద్దం సాఫ్ గాంది నేను రానియ్య."

సాంబయ్య గుడ్డను మళ్ళీ నూనెలో ముంచాడు. ఆ రోజు చాలా నెమ్మదిగా రుద్దాడు.

ఎంత నెమ్మదిగా రుద్దినా జిగురు తగ్గాలి కదా. తగ్గలేదు. రోజూ తుడిచి వెళ్ళిన చోటే తెల్లారేసరికి మళ్ళీ జిడ్డుగా తగిలేది. ఓ సాయంత్రం వీరభద్రం వచ్చి చూసి ముఖం మాడ్చుకున్నాడు. "గింత జిగురు దియ్యరాదా? రేపటికి గాకుంటే హైదరాబాద్ నుంచి కొత్త అద్దం దెప్పిస్త. అమ్మ ఏమన్నా సరే."

ఆయన వెళ్ళాక సాంబయ్య పైనా కిందా వేలు పెట్టి చూశాడు. పాత జిగురు నల్లగా, గట్టిగా ఉంటుంది. ఇది తెల్లగా సాగుతోంది.

"ఇది కొత్తది. ఎవరో మల్ల ప్లాస్టర్ అంటించి పీకుతాన్రు," అన్నాడు.

కళావతి కొంగు చివర చూసుకుంది. "అద్దం సాఫ్ అయితే పరకాలకు కబురు వోతది."

"పోతే?"

"నువ్వు రావు."

సాంబయ్యకు నవ్వాగలేదు, భయమూ ఆగలేదు. కొత్త అద్దం వస్తే ఈ జిగురు కూడా కాపాడదు. కళావతి లేకుండా ఆ దుకాణంలో రోజంతా కూర్చోవడం తన వల్ల కాదని అతనికి ఆ క్షణంలో తెలిసిపోయింది.

"రేపు మొత్తం తీసేస్త. తీసి మీ బాపును అడుగుత."

"కాదంటే?"

"అన్నప్పుడు జూద్దాం. ఇయ్యాల మాత్రం అంటించకు."

మర్నాడు వీరభద్రం వచ్చేసరికి అద్దం తళతళలాడుతోంది. అందులో మీసం సవరించుకుని తృప్తిగా తలూపాడు. "ఇగ రేపే పరకాలకు మనిషిని తోల్త."

సాంబయ్య చేతిలోని గుడ్డ కింద పెట్టాడు. "తోలకు మామా. కళావతిని నేను చేసుకుంట. ఆమె అంటే నాకు పానం."

వీరభద్రం అద్దంలోంచే అతన్ని చూశాడు. "నువ్వు ఇన్ని దినాలు జూసింది అద్దాన్నా, నా బిడ్డనా?"

"అద్దాన్నే మామా. అండ్ల ఆమె కనవడ్డది."

"నువ్వేమంటవ్?" అని కూతురి వైపు తిరిగాడు.

"దినాం పైన కొత్త జిగురు పెట్టింది నేనే బాపు," అంది కళావతి తల వంచుకుని.

వీరభద్రం తలెత్తి అద్దం పైభాగాన్ని చూశాడు. సాంబయ్య మాత్రం, "కింద గూడ కొత్తదే ఉండె గదా," అన్నాడు.

"కింద నేను పెట్టలే."

ముగ్గురూ మెల్లగా మూల పీట వైపు తిరిగారు. మొగిలమ్మ వక్క కత్తిరించడం ఆపలేదు.

"నాకు అంతదాకనే అందుతది," అంది. "నిలవడితే మోకాళ్లు గుంజుతాన్నయి."

వీరభద్రం నవ్వాలో కోప్పడాలో తెలియక తల్లి పక్కన చతికిలబడ్డాడు. "మరి పరకాలోళ్లకు ఏం జెప్పాలె అమ్మా?"

మొగిలమ్మ కళ్ళు చిట్లించి, తేటగా మెరుస్తున్న అద్దంలో పక్కపక్కనే నిలబడ్డ ఇద్దరినీ పైనుంచి కిందిదాకా చూసింది.

"అద్దం ఇంక సాఫ్ గాలేదని జెప్పు," అంది.