ఎడమ మూల కింద

మిట్టమధ్యాహ్నం... అయినా ఆకాశంలో సూర్యుడి జాడ లేదు! కారుమబ్బులు దిక్కులన్నీ మూసేశాయి. దూరంగా ఎక్కడో ఉరుము గొంతు సవరించుకుంది. గోడలింకా కట్టని ఆ పునాది చుట్టూ గాలి హోరుమంటూ తిరుగుతోంది. పక్క స్థలంలోని మోడు మీద కూర్చున్న గుడ్లగూబకి పగలూ రాత్రీ తేడా తెలియలేదు కాబోలు... భీకరంగా కూసింది.

పునాదికి వెనకవైపు ఎడమ మూల మీద ఒక స్త్రీ నిలబడి ఉంది. విరబోసిన జుట్టు ముఖమంతా కప్పేసింది. ఎడమ భుజం కిందికి జారిపోయింది. తల ఆ భుజం మీదికి ఒరిగింది. ఎడమ మడమ కాంక్రీటులోకి దిగబడుతున్నట్టు ఆ పక్కకే వాలి ఉంది... భర్త రెండు చేతులా పట్టి లాగినా ఆమె అక్కణ్ణుంచి అంగుళం కదలలేదు!

"చట్రం ఎప్పుడు ఎక్కిస్తావు?" అంది. అది ఆడగొంతు కాదు. నోట్లో మట్టి కుక్కుకున్న ముసలివాడి గొంతు.

ఆ భర్త వడ్రంగి. చెక్క ఇళ్లు కట్టడంలో పేరున్నవాడు. పదిమందికీ కట్టి కట్టి, ఇన్నాళ్లకి తనకంటూ ఒకటి మొదలుపెట్టాడు. పునాది వేసింది తాపీమేస్త్రి, అతని భార్యకి స్వయానా అన్న. బావలిద్దరికీ ఒకరినొకరు ఆటపట్టించుకోనిదే ముద్ద దిగదు. "నా వంకరలు నీ చెక్క కింద దాక్కుంటాయి, నీ వంకరలు రంగులవాడి పూత కింద దాక్కుంటాయి, మనిద్దరం దొరలమే బావా" అని మేస్త్రి అంటే వడ్రంగి పొట్ట పట్టుకుని నవ్వేవాడు. ఆ నవ్వులిప్పుడు లేవు.

ఇంటి చెక్క చట్రం నిలబెట్టేముందు పునాది మట్టంగా ఉందో లేదో, మూలలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవడం వడ్రంగి పని. అతను ఒక మూల నుంచి ఎదురుమూలకి టేపు లాగాడు. మిగిలిన రెండు మూలలకీ అలాగే లాగాడు. ఎదురెదురు వైపులు సమానంగా ఉన్న పునాదిలో ఆ రెండు కొలతలూ ఒకటే అయితేనే మూలలు సరిగ్గా ఉన్నట్టు. అవి ఒకటి కాలేదు. ఎడమ మూల పక్కకి జరిగి ఉంది, కిందికి కూడా దిగి ఉంది. మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. స్థలం చివర పాతిన గుర్తు గుంజ నుంచి దారం లాగి కొలిచి చూపించాడు. అక్కణ్ణుంచి కొలిస్తే అంతా సరిగ్గానే ఉంది! మర్నాడు అదే గుంజ నుంచి కొలిస్తే వేలెడు తేడా వచ్చింది. ఆ మూలని పైపైన చెక్కి, గుంజకి సరిపోయేలా మళ్లీ పోశాడు. వంకర తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది.

ఆ సాయంత్రమే అతని చెల్లెలి భుజం జారింది. మరోసారి సరిచేశాడు... ఆమె తల వాలింది.

ఆ గుంజ పాతింది కొలతలాయన. ఆ చుట్టుపక్కల ఎవరు ఇల్లు కట్టుకోవాలన్నా ముందు స్థలం కొలిచి, గీతలు గీసి, గుంజ పాతేది ఆయనే. ఆయన కొలిచాక ఇంకొకరు కొలవడమంటే ఆయన్ని అవమానించినట్టే అనుకునేవాళ్లు. తమ చిన్నతనంలోనూ ఆయన ఇలాగే నడివయసువాడిలా ఉండేవాడని ముసలివాళ్లు చెబితే, వాళ్లకి మతి తప్పిందని మిగతావాళ్లు నవ్వి ఊరుకున్నారు.

నవ్వకుండా ఉండాల్సింది!

పునాది మీద ఆ ఇల్లాలు అలా నిలబడి ఉన్న సమయంలోనే, కిటికీలు బిగించిన తన గదిలో, మినుకుమినుకుమనే దీపం ముందు, కొలతలాయనగా చెలామణి అవుతున్న ఆ క్షుద్రోపాసకుడు కూర్చుని ఉన్నాడు. భస్మలిప్తమైన దేహం... రుధిరవర్ణ నేత్రాలు... పెదవుల మీద వినిపించీ వినిపించని ఘోర మంత్రం! ఆయన ఎదురుగా ఒక మనిషి పుర్రె తాలూకు కింది దవడ ఉంది. మిగతా కపాలం అక్కడ లేదు. అది పునాది ఎడమ మూల కింద, కాంక్రీటు పోయకముందే ఆయన స్వహస్తాలతో పూడ్చిన చోట ఉంది! ఇక్కడ దవడ కదిలితే, అక్కడ ఆ ఇల్లాలి నోట మాట వచ్చేది.

వంకర పునాది మీద చట్రం ఎక్కి మొదటి మేకు దిగిందంటే చాలు, ఆమె ప్రాణం ఆ కపాలంలోకి పోతుంది, ఆమె ఆయుష్షు ఆయనలోకి వస్తుంది. ఎన్ని ఇళ్లు... ఎందరు ఇల్లాళ్లు... అందరూ ఒక పక్కకి వాలిపోయి, ఏ జబ్బో తెలియకుండానే పోయినవాళ్లు! ఆ నీచుడు నమ్ముకున్నది మంత్రాన్ని మాత్రమే కాదు, పనివాళ్ల అలవాటుని కూడా. పునాది వంకరగా ఉంటే దాన్ని పగలగొట్టి సరిచేసే ఓపిక ఎవరికీ ఉండదు. చట్రానికి అడుగున వేసే దూలం కింద నాలుగు చెక్క చీలికలు దూర్చి, పైకి సాపుగా కనిపించేలా సర్దేస్తారు. దూలానికీ పునాదికీ మధ్య మిగిలిన ఆ చీకటి సందులోనే ఆయన పిశాచం కాపురం పెట్టేది.

దీపం ఆర్పి, భస్మం కడుక్కుని, కోటు తొడుక్కుని, పెద్దమనిషిలా గొడుగు పట్టుకుని ఆయన పునాది దగ్గరికి వచ్చాడు.

"వాన దంచికొడితే మీ చెక్కంతా పాడైపోతుంది. చీలికలు కొట్టి ఎక్కించెయ్యండి. ఏ ఇంటికి కొట్టలేదు గనక!" అన్నాడు మెత్తగా.

వడ్రంగిని తిట్టుకోవద్దు. ఇంటి పని మొదలైతే భార్య మనసు కుదుటపడుతుందని ఆ అమాయకుడి ఆశ. దూలాన్ని ఆమె పాదాల పక్కగా ఎడమ మూల మీదికి జరిపి, చీలిక పెట్టి, సుత్తితో ఒక్క దెబ్బ వేశాడు.

ఆ ఇల్లాలి మడమలో ఎముక చిట్లిన చప్పుడు! కడుపులోంచి తన్నుకొచ్చిన కేక! దూలం కింది సందులోంచి ఎవరో ఊపిరి వదిలినట్టు అతని వేళ్లకి చల్లగా తగిలింది...

వడ్రంగి చీలికని ఊడబెరికి దూరంగా విసిరేశాడు.

"నాకీ ఇల్లు లేకపోయినా పరవాలేదు బావా, అది బతికితే చాలు," అన్నాడు. "ఆ గుంజని వదిలెయ్. మూలల్నే ఒకదానితో ఒకటి కొలుద్దాం."

కొలతలాయన ముఖంలో మొదటిసారి రంగు మారింది.

మేస్త్రి టేపు తీశాడు. కానీ రెండో కొస పట్టుకోవాల్సింది ఎడమ మూల మీద, ఆమె నిలబడ్డ చోట. ఆ దెబ్బ తర్వాత ఎవరు దగ్గరికి వెళ్లినా మీద పడి రక్కుతోంది. చిన్నప్పుడు అన్న పనికి వెళ్తే దారం రెండో కొస పట్టుకునేది ఆ చెల్లెలే. మేస్త్రి ఏమీ ఆలోచించలేదు, ఎప్పటిలాగే కొస ఆమె వైపు చాపాడు.

"పట్టుకో చెల్లీ."

జుట్టు సందుల్లోంచి ఆమె కళ్లు తెల్లగా తేలిపోయే ఉన్నాయి... నోట్లోంచి ఆ ముసలిగొంతు బూతులు కురిపిస్తూనే ఉంది... కానీ కుడిచెయ్యి మాత్రం నెమ్మదిగా లేచింది! టేపు కొస అందుకుంది. వంగి, మూల అంచుకి ఆనించి, జారకుండా బొటనవేలితో అదిమి పట్టింది. ఏ పిశాచమూ ఆ చేతిలోని అలవాటుని పట్టుకోలేకపోయింది!

రెండు కొలతలూ కలవలేదు. తర్వాత మట్టం చూడటానికి ఆ చేతికే నీళ్ల గొట్టం కొస ఇచ్చారు. గొట్టం రెండు కొసల్లోనూ నీరు ఒకే ఎత్తులో నిలబడుతుంది. కొలతలాయన గొడుగు పారేసి బాహాటంగానే మంత్రం అందుకున్నాడు. ఉరుములు దద్దరిల్లాయి... గుడ్లగూబ రెక్కలు కొట్టుకుంది... నేల అదిరింది! గొట్టంలో నీరు మాత్రం ఆయన మాట వినలేదు. ఒక్క క్షణం ఊగి నిలబడింది. ఎడమ మూల బెత్తెడు కిందికి ఉందని, గుంజ చూపించిన కొలత పచ్చి అబద్ధమని ఇద్దరికీ కళ్లముందు కనబడింది.

మేస్త్రి పరుగున వెళ్లి గుంజని పెరికాడు. రాలేదు. వడ్రంగి కూడా చెయ్యి వేశాడు. చివరికి ఊడి వచ్చిన దాని రంగు పూత వాళ్ల చేతులకి అంటుకుంది. అది చెక్క కాదు, తొడ ఎముక! అది పునాది వైపు రోజూ ఇంత చొప్పున జరుగుతూ వచ్చిన దారి మట్టిలో చారలా తెలుస్తోంది.

కొలతలాయన పొలికేక పెట్టాడు. ఆమె మడమ వదులై, భర్త చేతుల్లోకి కూలబడింది. మేస్త్రి సమ్మెట ఎత్తాడు. పిచ్చెత్తినవాడిలా ఎడమ మూలని అడుగుదాకా బద్దలుకొట్టాడు. ముక్కల మధ్య, తడి మట్టిలో, దవడ లేని కపాలం పైకి చూస్తోంది...

"అది నాది! ముట్టుకుంటే నీ వంశం నాశనం!"

అరుస్తూ ఆ దుర్మార్గుడు గుంతలోకి దూకి కపాలాన్ని గుండెలకి హత్తుకున్నాడు. అప్పుడు పడింది వాన, ఆకాశానికి చిల్లు పడ్డట్టు! నలువైపుల నుంచీ నీరు పల్లం వెతుక్కుంటూ వచ్చింది. ఆ స్థలంలో పల్లమంటూ ఉన్నది ఆయన చేసిన ఆ మూలే. నీరు నడుముదాకా వచ్చింది. ఆయన ఎడమ భుజం జారింది... తల వాలింది... ఇన్నాళ్లూ ఇన్ని ఇళ్లలో ఎవరెవరినో వంచిన ఆ వంకరంతా ఆయన ఎముకల్లోకి తిరిగొచ్చింది! మంత్రం బుడగలుగా పైకి లేచి పగిలిపోయింది. నీరు ఆయన్ని కప్పి, ఒక్క ముడత కూడా లేకుండా మట్టంగా నిలిచింది.

వాన వెలిశాక బావలిద్దరూ గుంతలో నీళ్లు తోడారు. అడుగున మెత్తటి మట్టి తప్ప ఆయనా లేడు, కపాలమూ లేదు.

ఇంటి పని కొన్నాళ్లు ఆగింది. ఆమె మడమ అతికాక, తిన్నగా నడుస్తూ వచ్చి, నీళ్ల గొట్టం కొస తనే పట్టుకుంది. మేస్త్రి ఆ మూలకి పలకలు కట్టి కొత్తగా పోశాడు. గట్టిపడ్డాక మూల నుంచి మూలకి రెండుసార్లూ టేపు లాగారు. ఈసారి రెండు కొలతలూ కలిశాయి.

"సరిగ్గా ఉంది అన్నయ్యా," అంది. ఆమె గొంతు ఆమెకి వచ్చేసింది. వడ్రంగికి ఏడుపు ఆగలేదు. ఆ రోజే మొదటి దూలం ఎక్కించారు, చీలిక అనేది లేకుండా.

ఒక్క సంగతి మాత్రం ఆమెకి ఇద్దరూ ఎప్పుడూ చెప్పలేదు. గుంతని చూడగానే ఎంత కాంక్రీటు పడుతుందో మేస్త్రికి తెలుసు, ఆ లెక్కలో అతను ఎన్నడూ తప్పలేదు. ఆ మూల పోసిన రోజూ లెక్క ప్రకారమే కలిపాడు. కానీ మూల అంచుదాకా నిండిపోయాక, కలిపిన చోట ఇంకా ఒక కుప్ప మిగిలిపోయింది. బావలిద్దరూ నిండిన మూలవైపూ, ఆ కుప్పవైపూ మార్చి మార్చి చూశారు.

సరిగ్గా ఒక మనిషంత ఉంది.