ఆపరేషన్ అలిజ్

ఉప్పల్ రింగ్‌రోడ్డు సిగ్నల్ దగ్గర సైలెన్సర్ తుపాకీ ఒక్కసారే పేలింది. ఆటోలో పక్కన కూర్చున్న చాందిని, ఏజెంట్ నరేన్ భుజం మీదికి ఒరిగిపోయింది. విదేశీ ముఠాకు అందాల రాణి, మనకు మూడేళ్లుగా డబుల్ ఏజెంట్. పోతూ పోతూ నాలుగే ముక్కలు చెప్పింది. నాచారం కెమికల్ ఫ్యాక్టరీ. నాలుగింటికి బాంబు. జనాన్ని కదిపితే రిమోట్ నొక్కేస్తారు. ఆపరేషన్ పేరు అలిజ్.

అలిజ్ అంటే ఏమిటో నరేన్‌కు తెలిస్తే ఒట్టు. టైమ్ మూడూ పది. సైనిక్‌పురిలో ఉండే రిటైర్డ్ ఇంగ్లీషు ప్రొఫెసర్ త్రిపురసుందరికి ఫోన్ కొట్టాడు.

"పాత మాట నాయనా. ద్రాక్షసారా పీపా మూతిని ఫ్రెంచివాళ్లు కన్ను అనేవారు. ఆవిరైపోయినంత మేరా మళ్లీ ఆ కన్నుదాకా నింపడమే మొదటి అర్థం. పోనుపోను లోపల మిగిలిన ఖాళీకే ఆ పేరు స్థిరపడింది."

నరేన్ ఫ్యాక్టరీ చేరేసరికి యార్డులో ఉన్నవి పీపాలు కావు, ఇరవై రెండు ట్యాంకర్లు. చేతికున్న బాంబు డిటెక్టర్ వాచీ రసాయనాల వాసనకు ప్రతి ట్యాంకర్ దగ్గరా కుయ్యిమంటోంది. చేసేది లేక, ట్యాంకర్లలో సరుకు కొలిచే మొగిలయ్యను పట్టుకుని ఖాళీ సంగతి అడిగాడు. ముసలాయన ఇత్తడి రాడ్‌తో ఒక్కో ట్యాంకర్‌నీ తట్టుకుంటూ పోయి, తొమ్మిదో దాని దగ్గర ఆగాడు.

"ఎండకు సరుకు ఉబ్బుతదని ప్రతి బండిల జానెడు జాగ ఇడుస్తం సార్. గీ దాంట్ల సగం ఖాళీనే. చలాన్ల మాత్రం ఫుల్ లోడ్ అని రాసిన్రు."

మూత తీస్తే అడుగున్నర లోతున సన్నటి గొట్టంలాంటి బాంబు తీగకు వేలాడుతూ ఉంది. ఆ మూతిలో చెయ్యి పట్టదు, తీగ లాగితే పేలిపోవచ్చు. మూడూ నలభై ఆరు.

"ఖాళీ జాగల ఆవిరుంటది, గదే అంటుకుంటది. జాగనే లేకుంట జేద్దాం" అంటూ మొగిలయ్య ఫైర్ పైపు లాక్కొచ్చి నరేన్ చేతికిచ్చాడు.

నీళ్లు పోస్తూ నరేన్ నిలబడ్డాడు. షిఫ్ట్ మారే వేళ, గేటు దగ్గర వందల మంది టిఫిన్ డబ్బాలతో నవ్వుకుంటున్నారు. పారిపొమ్మని అరవడానికి లేదు. చొక్కా మీద చాందిని రక్తం ఎండిపోతోంది. సర్వీసు మొత్తంలో ఇంత చేతకాని మనిషినని అతనికెన్నడూ అనిపించలేదు. ఆమెను కాపాడలేకపోయాడు, వీళ్లనైనా కాపాడుతున్నాడో లేదో తెలియదు.

ఒక్క నిమిషం ఉందనగా నీళ్లు కన్నుదాకా వచ్చాయి. మునిగిన బాంబు ఎర్రలైటు ఆరిపోయింది. నాలుగింటికి మోగింది షిఫ్ట్ సైరన్ ఒక్కటే.

ఢిల్లీ నుంచి చీఫ్ ఫోన్. రిపోర్టుకు కావాలి, ఈ మిషన్‌లో నువ్వు ప్రత్యేకంగా చేసిందేమిటి?

"పైపు పట్టుకున్నాను సార్."