పద్నాలుగో స్థలం

ఆ ఉదయం వెర్నా రెండోసారి కాచిన కాఫీ కూడా తాగకుండా సింకులో పారబోసింది. కిటికీ బయట పక్కవాళ్ళ ఇంటిని చక్రాల మీదికి ఎత్తుతున్నారు. ఇలా లాక్కుపోగల ఇళ్ళని అద్దె స్థలాల్లో నిలిపే పార్కు అది. దాని నేల అమ్ముడుపోయింది. నెలాఖరులోగా ఎవరి ఇల్లు వాళ్ళు లాక్కుపోవాలి. మిగిలినవాటిని పడగొట్టేస్తారు. వెర్నా ఇల్లు కూతురు టెస్సా కొనుక్కున్న నేల మీదికి వెళ్ళాలి.

"ఎత్తేటప్పుడు నడిమికి విరిగిపోతుందేమో," అంది వెర్నా.

"విరగాలంటే ముందు కదలాలిగా." టెస్సా కౌంటీ పన్నుల ఆఫీసు నుంచి తిన్నగా వచ్చింది. చేతిలోని కాగితం బల్ల మీద పెట్టింది. "తరలించడానికి అనుమతి ఇవ్వరట. మూడేళ్ళ పన్ను బాకీ అని ఇంటి మీద హక్కు రాసుకున్నారు. నాన్న పోయినప్పట్నుంచి ఒక్క డాలరూ కట్టలేదట."

"కట్టానే తల్లీ. ఏడాదికి రెండుసార్లు నేనే వెళ్ళి కట్టాను."

"మరి నాన్న పేరున వచ్చిన ఉత్తరాలేవి?"

వెర్నా సొరుగు వైపు చూసింది. పోయిన మనిషి పేరున వచ్చే కవరులో మంచివార్త ఉండదని ఆమె నమ్మకం. అన్నీ సొరుగులోనే ఉన్నాయి. ఒక్కటీ విప్పలేదు.

"గాలొస్తే భయం, ఫోను మోగితే భయం. ఆ భయంతోనే ఇల్లు పోగొడుతున్నావమ్మా."

వెర్నా లేచి బిస్కెట్ల డబ్బా తెచ్చింది. అందులో ఆరు రసీదులు. టెస్సా ఒక్కొక్కటే చూసింది. గొంతు తగ్గింది.

"ఈ నంబరు మనింటిది కాదు. కౌంటర్లో ఏం చెప్పావు?"

"పద్నాలుగో స్థలమని. మనది పద్నాలుగేగా."

"మనకన్నా ముందు ఇక్కడున్న ఇంటికి కట్టావన్నమాట. దాన్ని ఎప్పుడో లాక్కుపోయారు, కౌంటీ పుస్తకంలో మాత్రం కొట్టెయ్యలేదు. పన్ను స్థలానికి కాదమ్మా, ఫ్యాక్టరీలో ఇంటికి వేసిన నంబరుకి. సింకు కింద తలుపు లోపలి రేకు మీద ఉంటుంది. చూసి రాసుకుంటే పోయేదిగా?"

"కనపడదు."

టెస్సా మోకాళ్ళ మీద వంగి తలుపు తెరిచింది. రేకు నిండా ఎర్ర పురుగులు, గులాబీరంగు గుర్రాలు. చిన్నపిల్లలు అంటించుకునే బొమ్మలు. ఆమెకి ఆరేళ్ళప్పుడు సుడిగాలి సైరన్ మోగింది. అమ్మ ఆమెను ఈ అరలోకి తోసి, ఏడవకుండా ఉండాలని బొమ్మల పొట్లం చేతిలో పెట్టింది. గాలి తగ్గేదాకా తను అంటిస్తూనే ఉంది.

"మీ నాన్నకి నంబరు నోటికొచ్చు," అంది వెనకనుంచి వెర్నా. "నేను రెండుసార్లు కత్తి పట్టుకుని కూర్చున్నాను. గీకడానికి చేతులు రాలేదు."

టెస్సా చాలాసేపు తల అరలోంచి బయటికి తియ్యలేదు.

"రసీదుల మీద నీ పేరుంది," అంది చివరికి. "ఆ డబ్బు మనింటి కింద వేసుకోమని అడుగుదాం. ఇద్దరం వెళ్దాం."

"కుదరదంటే?"

"అన్నాక భయపడదాం. ఇద్దరం కలిసి. ముందు వేణ్ణీళ్ళూ గుడ్డా ఇవ్వు."

తడి గుడ్డ కింద మొదటి గుర్రం మెల్లగా లేచింది. వెర్నా అరచెయ్యి చాపింది.

"నెమ్మదిగా తల్లీ. చెవి చిరుగుతుంది."

గుర్రం చిరగకుండా ఆమె చేతిలో పడింది. వెర్నా కళ్ళద్దాలు తుడుచుకుని, దాని కింద బయటపడ్డ అంకెల్ని ఒక్కొక్కటే పైకి చదవసాగింది.