దరఖాస్తుదారుతో సంబంధం

"ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపిన మనిషిని పట్టుకుని డ్రైవింగ్ రాదంటారా?"

లైసెన్సు ఆఫీసు వెనక టెస్ట్ ట్రాక్ మీద, మండే ఎండలో ఆ అమ్మాయి వేసిన కేకకి, నెత్తిన ఫైళ్ళు పెట్టుకుని క్యూలో నిలబడ్డ వాళ్ళందరూ ఇటు తిరిగారు.

కుర్ర ఇన్‌స్పెక్టర్ కారు దిగి, అట్ట మీది కాగితంలో ఏదో టిక్కు పెట్టుకుని, అప్పుడు తలెత్తాడు.

"రాదనలేదండీ. ఫెయిలయ్యారన్నాను."

"రెండూ ఒకటే!"

"కాదండీ. మలుపులో ఇండికేటర్ వెయ్యలేదు."

"చెయ్యి చూపించారుగా!"

"చూపించారు. చూపించి, కారాపి, నా వైపు తిరిగి 'ఇక్కడ దిగేవాళ్ళున్నారా' అని కూడా అడిగారు."

క్యూ అంతా గొల్లుమంది. అమ్మాయికీ నవ్వొచ్చింది. పంటి బిగువున ఆపుకుని, తండ్రి చెయ్యి పట్టుకుని చరచరా వెళ్ళిపోయింది.

ఆ అమ్మాయి అక్కడ అందరికీ తెలిసిన మనిషే. ఒక్క కారుతో డ్రైవింగ్ స్కూలు నడుపుతోంది. అందరూ టీచరమ్మ అంటారు. రోజూ పొద్దున్నే ఇద్దరు ముగ్గురు శిష్యుల్ని టెస్టుకి తీసుకొస్తుంది. ఆ ఇన్‌స్పెక్టర్‌కి డ్రైవింగ్ స్కూళ్ళ వాళ్ళు పెట్టిన పేరు గీతయ్య. చక్రం తెల్లగీతని అలా తాకితే చాలు, ఫెయిలనేస్తాడని. ఆ పేరు పెట్టింది కూడా టీచరమ్మే.

ఆమె తండ్రి రిటైరయ్యాక, లైసెన్సు గడువు ఎప్పుడు దాటిపోయిందో చూసుకోలేదు. ఇప్పుడు కూతురు రెండో కారు కొంది. నేర్చుకుంటామని ఇరవై మంది పేర్లు రాయించుకున్నారు. నేర్పడానికి తండ్రి కంటే నమ్మకమైన మనిషి ఎవరు? కానీ ఆయన్ని ఆఫీసువాళ్ళు అందరిలాగే మళ్ళీ మొదటినుంచీ రమ్మన్నారు. ఎల్ బోర్డు కట్టిన కారులో ఆయన్ని చూసి పాత డిపో స్నేహితులు కడుపుబ్బా నవ్వారు.

రెండోసారి టెస్టులో ఆయన మలుపు ఎంత వెడల్పుగా తిప్పారంటే, కారు వెనక ఇంకో ముప్ఫై అడుగుల బండి ఉందేమోనని ఇన్‌స్పెక్టరే తిరిగి చూశాడు.

మూడోసారి అంతా బాగానే సాగింది. చివర్లో రివర్సు. ఆయన గేరు వేసి, స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నారు. నిమిషం గడిచింది.

"వెనక్కి పోనివ్వండి సార్."

"విజిల్ రానీ బాబూ."

"విజిలా?"

ఆయన ముఖం ఎర్రబడింది. గాభరాలో అద్దం కూడా చూడకుండా గబుక్కున వెనక్కి తీశారు. వెనక హద్దుగా నిలబెట్టిన స్తంభం పడింది.

ఈసారి టీచరమ్మ అరవలేదు. పడ్డ స్తంభం ఒకవైపు పట్టుకుంది. రెండోవైపు ఇన్‌స్పెక్టర్ పట్టుకున్నాడు.

"మా అమ్మ కండక్టరండీ," అంది మెల్లగా. "పాతికేళ్ళు నాన్న బస్సులోనే చేసింది. వెనక అమ్మ విజిల్ ఊదితే తప్ప ఆయన బస్సు వెనక్కి తీసేవారు కాదు. అద్దం అలవాటే కాలేదు."

నవ్వుతాడనుకుంది. అతను నవ్వలేదు.

"ప్రాక్టీసులో అమ్మగారిని వెనక సీట్లో కూర్చోబెట్టండి. ఆయన అద్దంలో ఆవిణ్ణి చూసుకుంటూ తియ్యాలి. ఆవిడ మాత్రం నోరు తెరవకూడదు."

"మా అమ్మా? నోరు తెరవకూడదా?"

"కష్టమంటారా?"

"లైసెన్సే తేలికండీ."

ఇద్దరూ ఒకేసారి నవ్వేశారు. నవ్వు ఆగాక అతనడిగాడు. "ఈ ఒక్కసారికి పాస్ చేసెయ్యమని అడగరేం?"

"అడిగితే చేస్తారా?"

"చెయ్యను."

"చేసే మనిషైతే నేనిక్కడ నిలబడి మాట్లాడేదాన్ని కాదు."

ఆమె వెళ్ళిపోయింది. అతను స్తంభం పట్టుకుని అలాగే ఉండిపోయాడు. వెనక కారువాడు రెండుసార్లు హారన్ కొట్టాల్సి వచ్చింది.

ఒక రోజు వాన దంచికొట్టి టెస్టులు ఆగిపోయాయి. రేకుల షెడ్డు కింద ఇద్దరూ గంటసేపు నిలబడ్డారు. ఆ గంటా మాట్లాడుకున్నది క్లచ్ ప్లేట్ల గురించే. అయినా ఇంటికెళ్ళాక అతనికి క్లచ్ అన్న మాటంత తియ్యని మాట ఇంకోటి లేదనిపించింది.

నాలుగో టెస్టు రోజు వచ్చింది. పొద్దున్నే జాబితాలో ఆమె తండ్రి పేరు చూశాడు. ఈయన పాసైతే బాగుండు, అనుకున్నాడు. అనుకున్న మరుక్షణం పెన్ను కింద పెట్టి, లేచి, పెద్ద ఆఫీసరమ్మ గదికి వెళ్ళాడు.

"ఈ ఒక్క టెస్టు మీరు చెయ్యండి మేడం."

"కారణం?"

"సొంత విషయం మేడం."

ఆవిడ సొరుగులోంచి ఓ ఫారం తీసింది. "ఇందులో సొంత విషయం అని గడి లేదు బాబూ. 'దరఖాస్తుదారుతో సంబంధం' అని ఉంది. రాయి."

అతను చాలాసేపు ఆలోచించి రాశాడు. ఆవిడ చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివి, సంతకం పెట్టి, కాగితాన్ని మైకు దగ్గరికి పంపింది.

మైకులో టెస్టుల పేర్లు పిలిచే బంట్రోతుకి ఒక అలవాటుంది. చేతికిచ్చిన కాగితం చివరిదాకా చదవందే వదలడు.

"ఇన్‌స్పెక్టర్ మార్పు... దరఖాస్తుదారుతో సంబంధం... కాబోయే అల్లుడు... బ్రాకెట్లో... వాళ్ళమ్మాయి ఒప్పుకుంటే."

ట్రాక్ మీద ఇంజన్లు కూడా ఆగిపోయాయి.

"ఎవరికి అల్లుడు?" అన్నారు తండ్రి.

"మీకే నాన్నా," అని, టీచరమ్మ నేరుగా ఇన్‌స్పెక్టర్ దగ్గరికి నడిచింది. అతను చెవుల దాకా ఎర్రబడి నిలబడి ఉన్నాడు.

"నన్నడక్కుండా ఫారంలో రాసేస్తారా?"

"బ్రాకెట్లో అడిగానండీ."

"మైకులోనా?"

"మైకు సంగతి నాకు తెలీదండీ, ఒట్టు."

"ఇప్పుడు నేను కాదంటే? ఫారం వెనక్కి తీసుకుంటారా?"

"తీసుకోనండీ. మీరు కాదన్నా ఆయన పాసవ్వాలనే నాకుంటుంది. అలాంటప్పుడు నేను టెస్టు చెయ్యకూడదు."

ఎప్పుడూ మాటకి మాట అప్పజెప్పే టీచరమ్మ, గబగబా వెళ్ళి తండ్రి కారు అద్దం తుడవడం మొదలుపెట్టింది.

ఆఫీసరమ్మ కారెక్కింది. రివర్సు గీతల వెనకున్న కంచె అవతల తల్లి రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడింది. తండ్రి ఇండికేటర్ వేశారు, మలుపు ఇరుకుగా తిప్పారు. రివర్సు గేరు వేశారు. అద్దం చూశారు. ఆ చూపు కాస్త ఎక్కువసేపే నిలిచింది. కారు గీతల మధ్య నెమ్మదిగా వెనక్కి వచ్చి ఆగింది.

"పాస్!"

తల్లి నోటి మీది చేతులు తీసి, రెండు వేళ్ళతో ఈల వేసింది. చెట్టు మీది కాకులు లేచిపోయాయి.

తండ్రి ఇన్‌స్పెక్టర్ ముందుకొచ్చి నిలబడ్డారు. "నువ్వే చేసుంటే నన్ను పాస్ చేసేవాడివా?"

"తెలీదండీ. అందుకే తప్పుకున్నాను."

ఆయన అతన్ని పైనుంచి కిందికి చూశారు. "ఆదివారం మీ పెద్దవాళ్ళని తీసుకుని ఇంటికి రా."

"మూడుసార్లు ఫెయిల్ చేసినవాణ్ణి పిలుస్తున్నారా?" అంది తల్లి, ఆయన చేత చెప్పించాలని.

"మూడుసార్లూ నిజమే చెప్పాడుగా," అని ఆయన కారు వైపు నడిచారు.

టీచరమ్మ మాత్రం కదల్లేదు. "అందరూ అన్నీ తేల్చేసుకున్నారు. నన్నెవరూ అడగలేదేం?"

అతను చుట్టూ చూశాడు. మైకు దూరంగానే ఉంది. "అడుగుతున్నానండీ. నన్ను చేసుకుంటారా?"

"ఈ అండీలు మానేస్తే ఆలోచిస్తా."

"సరేనం..." నాలుక కరుచుకున్నాడు. "సరే."

"ఆదివారం తొందరగా రా," అంది ఆమె. "నీకోసం చూస్తుంటాను."

ఆ 'నీకోసం' చెవిలో పడ్డాక అతనికింకేమీ వినబడలేదు. తర్వాతి టెస్టు కారు దగ్గరికి వెళ్ళాడు. తలుపు తీసి, దర్జాగా స్టీరింగ్ ముందు కూర్చుని, బెల్టు కూడా పెట్టేసుకున్నాడు.

బయట నిలబడ్డ పెద్దావిడ కాసేపు ఓపిక పట్టి, అద్దం మీద తట్టింది.

"బాబూ, టెస్టు నాకు కదా!"