ఖోఖో బూట్ల కేసు

"సైలెన్స్!"

ఫిరోజ్ డస్టర్‌తో టేబుల్ మీద కొట్టాడు. సుద్దపొడి లేచి జడ్జిగారికే తుమ్మొచ్చింది. క్లాసంతా పకపకా నవ్వింది.

ఏడో తరగతిలో ప్రతి శనివారం మధ్యాహ్నం కోర్టు నడుస్తుంది. వారానికొకరు జడ్జి. ప్రేమలత టీచర్ చివరి బెంచీలో కూర్చుని చూస్తారు, కల్పించుకోరు. మామూలుగా వచ్చేవన్నీ పెన్సిల్ పోయిన కేసులు, జడ లాగిన కేసులు. ఈ వారం మాత్రం పెద్ద కేసే వచ్చింది.

అమూల్య లేచి ఒక కాగితం జడ్జి ముందు పెట్టింది.

అమూల్య తాత వెంకట్రామయ్య ఊళ్లో పెద్దమనిషి. పొలం గట్టు తగాదా వచ్చినా, కోడిపిల్ల తగాదా వచ్చినా "ముందు కాగితం రాయండ్రా" అంటాడు. మనవరాలికీ అదే అబ్బింది. రబ్బరు ఇచ్చినా కాగితం రాయించుకునే రకం. పది రోజుల కిందట తన కొత్త బూట్లు నీరజకి ఇచ్చినప్పుడు కూడా రాయించుకుంది.

ఫిరోజ్ గట్టిగా చదివాడు.

"'అమూల్య బూట్లు ఖోఖో ప్రాక్టీసుకి తీసుకున్నాను. పోగొడితే టీమ్ నుంచి తప్పుకుంటాను. నా బదులు అమూల్య ఆడుతుంది. ఇట్లు, నీరజ.' ఓర్నాయనో, కింద వేలిముద్ర కూడా ఉంది!"

"సంతకం పెట్టినాక వేలిముద్ర ఎందుకే?" అని సంజన అడిగింది.

"ఉంటే గట్టిగా ఉంటది" అంది అమూల్య.

నీరజ, అమూల్య ఒకటో తరగతి నుంచీ ఒకే బెంచీ. ఆ కాగితం రాసేటప్పుడు ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు. ఇప్పుడు ఒకరు ఈ గోడ దగ్గర, ఒకరు ఆ గోడ దగ్గర నిలబడ్డారు.

"నీరజా, బూట్లు ఏమైనయ్?" అన్నాడు జడ్జి.

"బుధవారం ప్రాక్టీసు అయ్యి ఇంటికి పోతంటే వాన మొదలైంది. కల్లంలో మిరపకాయలు ఆరబోసున్నయ్. మా అమ్మ ఒక్కతే పట్టా లాగుతా ఉంది. కల్లంలోకి చెప్పులేసుకుని పోం కదా! బూట్లు గట్టు మీద ఇప్పి పరిగెత్తా. కాయలన్నీ కప్పి వచ్చేసరికి ఒకటే ఉంది. రెండోది కుక్క ఎత్తుకుపోయింది. రెండ్రోజుల నుంచి ఎతుకుతానే ఉన్నా."

"పాపం!" అన్నారు ఇద్దరు ముగ్గురు.

"కుక్క ఎత్తుకుపోతే పోయినట్టు కాదా?" అంది అమూల్య.

"పోయినట్టే" అని నీరజే ఒప్పుకుంది. "రాసింది నేనే. వేలిముద్ర వేసింది నేనే."

సోమవారం నకరికల్లులో స్కూళ్ల ఖోఖో మ్యాచ్. దాని కోసం నీరజ రెండేళ్లుగా పరిగెడుతోంది. టీమ్‌లో అంత వేగంగా పరిగెత్తేవాళ్లు ఇంకెవరూ లేరు. అమూల్య ఎక్స్‌ట్రా ప్లేయర్. బూటు పోయినందుకు ఆమెకు బాధగానే ఉంది. టీమ్‌లో చోటు దొరుకుతుందని లోలోపల సంతోషంగా కూడా ఉంది. ఆ సంగతి మాత్రం కోర్టులో చెప్పలేదు.

ఫిరోజ్ బుర్ర గోక్కున్నాడు.

"కాగితం ప్రకారం అమూల్యదే న్యాయం. కానీ మన కోర్టులో ఒక రూలుంది. తీర్పు అమలు చేసే ముందు నష్టపోయినోళ్లని మూడుసార్లు అడగాలి. వదిలేసే హక్కు జడ్జికి లేదు, వాళ్లకే ఉంది. అమూల్యా, అమలు చేయమంటావా?"

"చెయ్యి."

"రెండోసారి అడుగుతున్నా. చేయమంటావా?"

"చెయ్యమన్నాగా!"

నీరజ బ్యాగులోంచి టీమ్ టీషర్టు తీసింది. వచ్చి అమూల్య ముందు పెట్టింది. ఏడుస్తుందేమో, తిడుతుందేమో అని అమూల్య ఎదురు చూసింది. తిడితే ఏమనాలో కూడా సిద్ధం చేసుకుంది.

నీరజ మెల్లగా అంది. "నకరికల్లు గ్రౌండ్‌లో కుడి పోల్ దగ్గర గులకరాళ్లుంటయ్, కాలు జారుద్ది. పోల్‌కి చెయ్యి ఆనించి తిరుగు. లేకపోతే పడతావ్."

తప్పు నీరజదే, కాగితం కూడా సరిగ్గానే ఉంది. అయినా అమూల్య సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

"మూడోసారి అడుగుతున్నా" అన్నాడు ఫిరోజ్.

అమూల్య టీషర్టు తీసుకెళ్లి నీరజ చేతిలో పెట్టింది.

"వద్దు. నీరజే ఆడుద్ది."

క్లాసంతా చప్పట్లు. ప్రేమలత టీచర్ కూడా కొట్టారు. నీరజ మాత్రం "థాంక్స్" అని ఒక్క మాట అని, వెళ్లి సంజన పక్కన కూర్చుంది. పాత బెంచీకి రాలేదు. అమూల్యకి చానా దిగులేసింది. రమ్మని పిలవడానికి మొహం చెల్లలేదు.

సోమవారం నకరికల్లులో ఎదుటి టీమ్ రొంపిచెర్ల పిల్లలది. ఆ ఒక్క మ్యాచ్ గెలిస్తే జిల్లా పోటీలకి వెళ్లొచ్చు. నీరజ వాళ్ల అన్న బూట్లలో గుడ్డపేలికలు కుక్కి వేసుకుంది. అమూల్యకి సర్టిఫికెట్ల ఫైలు అప్పగించారు.

ఆమె ఫైలు చూపించడానికి వెళ్లేసరికి అంపైర్ టేబుల్ దగ్గర రొంపిచెర్ల అమ్మాయి ఒకతి వెక్కివెక్కి ఏడుస్తోంది. వాళ్లు వచ్చిందే తొమ్మిది మంది. ఆ అమ్మాయి వయసు సర్టిఫికెట్ ఇంట్లో మర్చిపోయింది.

"తొమ్మిది మంది లేకపోతే ఆట లేదు. మీరే గెలిచినట్టు" అన్నారు అంపైర్ అమూల్యతో. "సాయంత్రానికి సర్టిఫికెట్ తెచ్చిస్తామంటున్నారు. మీకు అభ్యంతరం లేకపోతే ఆడిస్తాను. ఏమంటారమ్మా?"

ఒక్క అడుగు పరిగెత్తకుండానే గెలుపు! రూలు కూడా వీళ్ల వైపే ఉంది. అమూల్య ఆ అమ్మాయి వైపు చూసింది. తర్వాత తన టీమ్ వైపు తిరిగింది.

"ఆడదామే. ఆడే గెలుద్దాం" అంది.

అందరికంటే ముందు నీరజ తల ఊపింది.

"మాకు అభ్యంతరం లేదు సార్" అంది అమూల్య.

తీరా ఆట మొదలయ్యాక ఏమైందనుకున్నారు? ఆ ఏడ్చిన పిల్లే మనవాళ్లని ముగ్గురిని ఔట్ చేసింది! కొరివితో తల గోక్కున్నానా అనుకుంది అమూల్య. అయినా అరవడం ఆపలేదు. "నీరజా! పోల్! పోల్!"

ఆఖరి నిమిషానికి స్కోరు సమానమైంది. నీరజ పోల్‌కి చెయ్యి ఆనించి గిర్రున తిరిగింది. గాల్లోకి లేచి ముందుకు దూకింది. వేలి కొస రన్నర్ వీపుకు తగిలింది. విజిల్ మోగింది.

ఒక్క పాయింటుతో గెలిచారు! గ్రౌండంతా ఈలలు, కేకలు. దుమ్ములో దొర్లిన పిల్లలు దుమ్ముతోనే ఎగిరారు.

రొంపిచెర్ల అమ్మాయి మోకాలు దులుపుకుంటూ వచ్చింది. "చానా బాగా ఆడారు. ఏడుపులో చూళ్లేదు, నన్ను ఆడనియ్యమన్నది మీలో ఎవరు?" అని అడిగింది.

నీరజ వెనక్కి వెళ్లి, ఫైలు పట్టుకుని నిలబడ్డ అమూల్యని చెయ్యి పట్టి ముందుకు లాక్కొచ్చింది.

"ఇదే. దీని పేరు అమూల్య. నా ఫ్రెండ్."

అమూల్య ఏదో చెప్పబోయింది. అరిచి అరిచి గొంతు పోయింది, ఒక్క మాటా రాలేదు. నీరజ చెయ్యి మాత్రం వదల్లేదు.