చీపురుపుల్ల బెజ్జం

గోదారి సముద్రంలో కలిసే ఏటిమొగకి కూతవేటు దూరంలో, నూకరత్నం ఇంటి వెనకాల ఒక చెక్కగది ఉంది. ఐసుగది అంటారు. చేపలు బాగా పడే రోజుల్లో ఐసుదిమ్మలు తెచ్చి, ఊకలో కప్పి, అందులో దాచేవారు. నూకరత్నం కొడుకు సింహాద్రి వేటకెళ్ళి, తుఫానులో బోటుతో సహా కనపడకుండా పోయాక ఆ గది జోలికి ఎవరూ పోలేదు. ఐసు లేకపోయినా తడి ఊక వాసన మాత్రం గోడల్ని వదల్లేదు.

ఆ గదిని కెమెరా చేస్తానంది సింహాద్రి కూతురు రమ్యశ్రీ. రాజమండ్రిలో బొమ్మలేసే చదువు చదువుతోంది ఆ పిల్ల.

"గది కెమెరా ఏంటే? నీ ఫోన్లో లేదా?" అంది నూకరత్నం.

"ఇది వేరు మామ్మా. అద్దం అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. గదంతా చీకటి చేసి, తలుపుకి చీపురుపుల్ల దూరేంత బెజ్జం పెడితే చాలు. బయటి ఏరంతా వచ్చి లోపలి గోడ మీద పడుద్ది. తలకిందులుగా. అక్కడ ఫోటో పేపర్ అంటిస్తే బొమ్మ దిగుద్ది."

"ఏరు ఆ బెజ్జంలోంచి దూరుద్దా? నీ నోరు మండ."

నవ్వింది గానీ, సందులు మూసే పని ముసలామే తీసుకుంది. పడవకి మూసినట్టే మూసింది. దూది పేని, గుగ్గిలంలో ముంచి, చెక్కల మధ్య ఉలితో కూరి, బొటనవేలితో నొక్కింది. సింహాద్రికి ఆ పని నేర్పింది కూడా ఆవిడే. పడవకి ఆఖరి సందు మూసేటప్పుడు, ఎక్కబోయేవాడి పేరు పైకి చెప్పి మూయడం వాళ్ళ పల్లె ఆచారం. పేరు పలికాక ఆ మనిషి ఎక్కి తీరాలి. చేతికి అలవాటైన పని, నోటికి అలవాటైన మాట. చివరి సందులో దూది కుక్కుతూ, "సింహాద్రీ" అనేసింది నూకరత్నం.

అని, నాలిక్కరుచుకుంది.

"ఆఖరిది ఇంకా మిగిలే ఉందిగా మామ్మా," అంది రమ్యశ్రీ, తలుపుకున్న బెజ్జం చూపించి.

మొదటి బొమ్మ దిగింది. రొయ్యలు కడిగే టబ్బుల్లో మందునీళ్ళు పోసి, ఎర్రలైటు కింద పేపర్ కడిగింది పిల్ల. తెలుపు నలుపుగా, నలుపు తెలుపుగా వచ్చింది. దాన్ని ఫోన్లో మామూలు బొమ్మగా మార్చి చూపించింది. ఏరు, ఇసక, కట్టేసిన పడవలు.

"పొద్దుటేల రేవు నిండా జనం. ఒక్కళ్ళూ లేరేంటే?"

"ఇది నిదానం కెమెరా మామ్మా. నడిచేవాళ్ళు పడరు. గంటలకొద్దీ కదలకుండా నిలబడ్డవాళ్ళే పడతారు."

"మరి ఈ మనిషెవడు?"

నీటి అంచున, చిన్నగా, ఒక మగమనిషి. మొహం ఇంటివైపే.

సింహాద్రి నిలబడే తీరే అనుకుంది నూకరత్నం. తెల్లారితే సింహాద్రికి గడ్డిబొమ్మ కాల్చాలని ముందే నిర్ణయించారు పల్లె పెద్దలు. శవం దొరకనివాడికి ఎండుగడ్డితో మనిషిని చేసి, వాడి చొక్కా తొడిగి, ఏటి ఒడ్డున కాల్చి కర్మ చేస్తారు. ఆ పైన వాడు నడిచొచ్చినా చచ్చినవాడే. ఆ చొక్కా మడతపెట్టి గుండెకి హత్తుకుని కూచుంది నూకరత్నం.

కోడలు లావణ్య ఫోన్లోకి తొంగి చూసింది. "రేవు దాకా వచ్చినోడికి ఇంటికి దారి తెలీదా అత్తా? నా కాలి మెట్టెలు అరిగిపోయాయి. ఇంక చాలు."

"ఇంకొక్క బొమ్మ తియ్యనీ. అందులో వాడుంటే చొక్కా ఇవ్వను."

మిట్టమధ్యాహ్నం నాయనమ్మా మనవరాలూ గదిలో దూరి తలుపు వేసుకుని, గోడకి నిలువెత్తు పేపర్ అంటించారు. కాసేపటికి చీకట్లోంచి ఏరు తేలింది. పైన ఇసక, కింద ఆకాశం. పడవలు చూరుకి గబ్బిలాల్లా వేలాడుతున్నాయి. నూకరత్నం నోరు తెరుచుకుని చూసింది. ఇంత లోకం ఆ బెజ్జంలోంచే వచ్చిందా...

నీటి అంచు వెతికింది. అక్కడ ఎవరూ లేరు.

టప్... టప్... ఎక్కడో నీళ్ళు కారుతున్నాయి. ఐసు లేని గది. చుక్క కూడా దూరని గది. ఊక వాసన ముదిరింది. దాని కింద ఇంకేదో వాసన... వలలో మరిచిపోయిన చేపలాగా.

చలి పాదాల్లోంచి పైకి పాకింది.

పేపర్ మీది ఏరు మధ్యలో మసకబారింది. అడ్డంగా ఒక నీడ. గోడ మీద పడ్డ లోకమంతా తలకిందులుగా ఉంటే... దీని తల మాత్రం పైనే ఉంది.

"మామ్మా," రమ్యశ్రీ గుసగుసలాడింది. "పేపర్‌కి అడ్డం నిలబడకు."

"నేను నీ పక్కనే ఉన్నానే..."

నీడ కదల్లేదు. ఊపిరి లేదు. నీళ్ళ చప్పుడే.

"అమ్మా... చలి."

కొడుకు గొంతే. గొంతు నిండా నీళ్ళున్నాయి.

రమ్యశ్రీ తలుపు తోసేసింది. ఎండ భళ్ళున లోపల పడింది. గదిలో ఎవరూ లేరు. నేల పొడిగా ఉంది. పేపర్ కడిగితే ఎండ తగిలినంత మేరా నల్లగా మాడింది. నడిమధ్య మాత్రం నిలువెత్తు మనిషి ఆకారం తెల్లగా మిగిలిపోయింది. ఏదో ఒకటి పేపర్‌ని ఆనుకుని నిలబడి, వెలుగు అడ్డుకుంటేనే అలా మిగులుద్దని చెప్పింది పిల్ల. చెప్పేటప్పుడు దాని పళ్ళు కొట్టుకున్నాయి.

నూకరత్నం చొక్కా తీసి కోడలి చేతిలో పెట్టింది. మర్నాడు గడ్డిబొమ్మ కాలింది. లావణ్య మెట్టెలు తీసింది. ఐసుగదికి తాళమేసి, తాళంచెవిని బొడ్లో దోపుకుంది ముసలామె.

మూడోనాడు బూడిద ఏట్లో కలిపొచ్చి, గది చెక్కలు విప్పేద్దామని తాళం తీశారు. నూకరత్నం ఒక్కతే లోపలికెళ్ళి తలుపు దగ్గరికి లాగింది, ఏరు ఇంకోసారి చూసుకుందామని. ఏరు లేదు. కళ్ళు పొడుచుకున్నా కానరాని చీకటి.

చేత్తో తడిమింది. చీపురుపుల్ల బెజ్జం మూసుకుపోయి ఉంది. లోపలి వైపు నుంచి. పేనిన దూది, పచ్చి గుగ్గిలం. పైన బొటనవేలితో నొక్కిన గుంట, ఇంకా తడిగా.

ఆఖరి సందు. ఎవరి పేరు చెప్పి మూశాడో...

తలుపు తోసుకుని బయటికొచ్చింది. రమ్యశ్రీ గుమ్మం ముందు, ఏటివైపు తిరిగి నిలబడి ఉంది.

"ఆఁ, వస్తన్నా," అంది ఆ పిల్ల.

ఎవరూ పిలవలేదు.